కరెంటు కవరు

జయకుమారికి ప్రతి వస్తువు మీదా పేరు రాసే అలవాటు. గుంటూరు కోల్డ్ స్టోరేజీ పక్కనున్న మిరప షెడ్డులో కాయలకు తొడిమలు తీసే పని ఆమెది. అక్కడ అరవై మంది ఆడవాళ్ళు, అరవై స్టీలు క్యారేజీలు, అన్నీ ఒక్కలాంటివే. తన చేపల పులుసు ఎవరో మహాతల్లి లాగించేసి, చప్పిడి పప్పు తనకు మిగిల్చిన రోజున ఒట్టు పెట్టుకుంది. ఆనాటి నుంచి క్యారేజీ మీద పేరు, చెంబు మీద పేరు, కూర్చునే పీట మీద పేరు, ఆఖరికి చెప్పుల అడుగున కూడా పేరు. ఈ అలవాటే ఆమెను ఎలా ముంచబోయిందో చెప్తాను వినండి.

భర్త పోయాక ఆమె పద్దెనిమిదేళ్ళు తమ్ముడు ప్రభు ఇంటి వసారాలో ఉంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, తమ్ముడు గానీ మరదలు శాంతి గానీ ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఎండాకాలం ఫ్యాను వేసుకోవాలంటే ముందు మరదలి మొహం ఎలా ఉందో చూసుకోవాలి. ఆ చూసుకోవడమే జయకుమారికి పడేది కాదు. రూపాయి రూపాయి కూడబెట్టి, నలభై ఆరో ఏట, రెండు సెంట్ల స్థలంలో ఒక గదీ వంటిల్లూ కట్టుకుంది. మొదటి రాత్రి రెండు దుప్పట్లు కప్పుకుని మరీ ఫ్యాను వేసుకుని పడుకుందిట. అంత సంబరం!

ప్రభుకి మాత్రం ఇది మింగుడు పడలేదు. గృహప్రవేశం ప్రార్థన అయ్యీ కాకముందే అందరి ముందూ మొదలుపెట్టాడు.

"నీ కూలి వారం వారం వస్తుంది, బిల్లులేమో నెలకోసారి మీద పడతాయి. నీవల్ల కాదక్కా. ఒక్క ఏడాది చూస్తా. ఒక్క బిల్లు తప్పినా, కరెంటోళ్ళు వచ్చి ఫ్యూజు పీకినా, నీ సామానంతా నా ట్రాలీ ఆటోలో వేసుకుని మనింటికి తీసుకుపోతా. ఇది అద్దెకిచ్చేద్దాం."

"చూసుకోరా! తప్పితే నేనే వచ్చి బండెక్కుతా," అనేసింది జయకుమారి. పంతం వస్తే ఆమెకు ముందూ వెనకా తెలియదు.

అన్నది సరే, ఎలా నెగ్గుకురావడం? అప్పుడు గుర్తొచ్చాయి కవర్లు. వాళ్ళ చర్చిలో ఏటా జనవరిలో ప్రతి కుటుంబానికీ కానుక కవర్లు పంచుతారు. తెల్లటి కవరు మీద చర్చి బొమ్మ, కింద మూడు గీతలు: పేరు, కృతజ్ఞతాంశం, మొత్తం. ఏ కుటుంబం ఎందుకు కానుక ఇచ్చిందో పాస్టరు జోసఫ్ గారు పైకి చదివి ప్రార్థన చేస్తారు. కిందటేటి కవర్లు ఒక కట్ట మిగిలిపోతే, చర్చి కోశాధికారి ఆదాం గారిని అడిగి తెచ్చుకుంది. ఒక్కో కవరు మీదా ఒక్కో ఖర్చు రాసింది: కరెంటు, గ్యాసు, ఫోను, కేబులు, ఇంటి పన్ను, మందులు. అలవాటు చొప్పున అన్నిటి మీదా తన పేరూ, నెలకు వేయాల్సిన మొత్తమూ కూడా రాసుకుంది. గీత ఖాళీగా ఉంటే ఆమె చెయ్యి ఊరుకోదు మరి.

శనివారం సాయంత్రం కూలి చేతికి రాగానే మొహం కూడా కడుక్కోకుండా కవర్లు ముందేసుకుని కూర్చునేది. నెల బిల్లును నాలుగు వాటాలు చేసి, వారానికో వాటా కవర్లో వేసేది. ఎండాకాలంలో కరెంటు బిల్లు పెరుగుతుందని తెలుసు కాబట్టి, చలికాలంలోనే వారానికో ఇరవై ఎక్కువ వేసి ఉంచేది. స్నానానికి నీళ్ళు డాబా మీద బకెట్లో ఎండకే కాగాలి, గ్యాసు వాటికి దండగ. పని తగ్గిన వారం కూరలో టమాటాలు తగ్గేవి గానీ కవర్లో వాటా తగ్గేది కాదు. వాటన్నిటికీ మించి ఒక నియమం పెట్టుకుంది. ఒక కవరు ఇంకో కవరు దగ్గర చెయ్యి చాచకూడదు. ఆ నియమంతోనే ఏడాది గట్టెక్కింది. ఒక్క బిల్లూ తప్పలేదు.

ఏడాది నిండిన ఆదివారం రానే వచ్చింది. 'సొంత ఇంట్లో ఏడాది నిండినందుకు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఒక కవర్లో రెండొందలు పెట్టింది. పాస్టరు గారు అది చదువుతుంటే తమ్ముడి మొహం చూడాలని ఆమె కోరిక. కొత్త చీర కట్టి, పూలు పెట్టుకుని, మొదటి గంట కొట్టేశారని హడావుడిగా కవరు లాగి బైబిల్లో పెట్టుకుని పరిగెత్తింది. అక్కడే పప్పులో కాలేసింది.

"సహోదరి జయకుమారి," అని చదివారు జోసఫ్ గారు. జయకుమారి నిటారుగా కూర్చుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని కవరు ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నారు. "అంశం... కరెంటు. ఐదు వందల రూపాయలు."

పాస్టరు గారు మంచి మనిషి, జాలిగుండె. వెంటనే కళ్ళు మూసుకుని గొంతెత్తారు. "ప్రభువా! ఈ బిడ్డ ఇంట్లో చీకటి తొలగించు! ఒంటరి ఆడకూతురు, ఆ ఇంట దీపం ఇంకెన్నడూ ఆరనియ్యకు!" చర్చి చర్చంతా "ఆమేన్!" అంది. అందరికంటే గట్టిగా అన్నది మగవాళ్ళ వైపు కూర్చున్న ప్రభు.

ఇంకేముంది! బయటికి రాగానే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. "ఎప్పుడు పీకేశారమ్మా?" అని ఒకావిడ, "మాకు చెప్పకూడదా?" అని ఇంకొకావిడ. ఒక ముసలమ్మ బలవంతంగా రెండు కొవ్వొత్తులు చేతిలో కుక్కింది. ఆదాం గారు వెనకే వచ్చి మెల్లగా అడిగారు.

"పొరపాటున పడిందేమోనమ్మా? చెప్తే తిరిగిచ్చేస్తాను."

"దేవుడి సంచిలో పడ్డది పడ్డట్టేనండీ," అని తలెత్తకుండా ఇంటికొచ్చేసింది.

ఇంటికొచ్చాక మంచం మీద కూలబడి లెక్క వేసింది. బిల్లు నాలుగొందల ఎనభై ఆరు. ఆఖరి రోజు బుధవారం. దేవుడికని పెట్టిన రెండొందల కవరు బల్ల మీద దర్జాగా కూర్చుని ఉంది. దాన్ని చూసి పైకి చూసింది. "తండ్రీ, నాది నీకొచ్చింది, నీది నా దగ్గరుండిపోయింది. నీకే మూడొందలు లాభం. ఇది నేను వాడుకుంటా, ఏమనుకోకు," అని తీసుకుంది. ఇంకా రెండొందల ఎనభై ఆరు కావాలి. మందుల కవరు వైపు చెయ్యి పోయింది. ఛీ ఛీ అనుకుని వెనక్కి తీసుకుంది.

అప్పుడే వాకిట్లో ట్రాలీ ఆగింది. ప్రభు తాడు కూడా తెచ్చుకున్నాడు.

"లే అక్కా. ముందు మంచం ఎక్కిద్దాం."

జయకుమారికి ఒళ్ళు మండిపోయింది. లేచి లైట్లన్నీ వేసింది. ఫ్యాను వేసింది. టీవీ పెట్టింది. ఖాళీ మిక్సీ కూడా తిప్పింది. మిట్టమధ్యాహ్నం ఆ ఇల్లు పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది.

"కనపడుతోందా? ఫ్యూజు పీకిన కొంపలో మిక్సీ తిరుగుద్దా?"

ప్రభు నోరు వెళ్ళబెట్టాడు. కవర్లు తారుమారైన సంగతి ఆమె చెప్పింది. మామూలుగా అయితే ఊరంతా చెప్పి నవ్వేవాడు. అలాంటిది నవ్వలేదు సరికదా, గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"బుధవారానికి కట్టలేవుగా మరి? తప్పినట్టేగా?" అన్నాడు, అడుక్కుంటున్నట్టు.

"ఏరా, నా బిల్లు తప్పాలని నీకంత ఇదేంటి?"

తాడు చేతికి చుట్టుకుంటూ అసలు సంగతి కక్కాడు. "ముస్తాక్ అని, మిర్చి యార్డు దగ్గర టీ కొట్టతను. ఈ ఇల్లు అద్దెకిస్తానని అడ్వాన్సు తీసుకున్నానక్కా. మూడు వేలు. అయిపోయాయి."

మిక్సీ గిన్నె ఆమె చేతిలోనే ఉంది. ప్రభు అదృష్టం బాగుండి చేతిలోనే ఉండిపోయింది. "ఎవరి ఇల్లనుకుని తీసుకున్నావురా?" అని అరిచిన అరుపుకి పక్కింటి కుక్క లేచి నిలబడింది.

"ఏం చెయ్యనక్కా! బండి వాయిదా, టీవీ వాయిదా, ఫోను వాయిదా. ఫ్యూజు పీకింది నీకు కాదు, నాకు. పది రోజులైంది. పిల్లల్ని శాంతి పొదిలి తీసుకుపోయింది, వాళ్ళమ్మ గారింటికి. సెలవులని చెప్పాం. చీకట్లో దోమలకి తట్టుకోలేక పంపించా."

జయకుమారి కోపం ఎటు పోయిందో ఎవరికి తెలుసు! పద్దెనిమిదేళ్ళు తనకు వసారా ఇచ్చిన మనిషి పది రోజులుగా చీకట్లో ఒక్కడే పడుకుంటున్నాడని వినేసరికి మిక్సీ గిన్నె కింద పెట్టేసింది. కళ్ళు తుడుచుకుని అన్నం పెట్టింది. అన్నం తిన్నాక మిగిలిన కవర్ల కట్ట, పెన్నూ తెచ్చి ముందు పడేసింది.

"మొదటిది ముస్తాక్ అడ్వాన్సు. రాయి. రెండోది కరెంటు. టీవీ ఆఖరున. రోజూ సాయంత్రం ట్రాలీ కిరాయి తెచ్చి నా ముందు పొయ్యి. కానీ ఒకటి, నేను ఈ ఇల్లు వదిలి రాను. అద్దె మాట ఎత్తావంటే కాళ్ళిరగ్గొడతా."

"ఎత్తనక్కా," అన్నాడు ప్రభు, రాసుకుంటూ.

సోమవారం, మంగళవారం షెడ్డులో అందరూ వెళ్ళాక కూడా ఆమె కదల్లేదు. అదనంగా టిక్కీ మీద టిక్కీ, అంటే బస్తా మీద బస్తా, తొడిమలు తీసింది. చేతులు మంటెత్తి, మజ్జిగలో ముంచుకుని పడుకుంది. గుమాస్తాను బతిమాలి ఎక్కువ పని కూలి అప్పటికప్పుడే చేతికి ఇప్పించుకుంది. ప్రభు మూడు రోజుల కిరాయి తెచ్చి అక్క ముందు పోశాడు. ఏ బజ్జీల బండి దగ్గరా ఆగకుండా అంత డబ్బు ఇంటికి చేరడం వాడి జీవితంలో అదే మొదలు. ముస్తాక్ వాటా పక్కన పెట్టి, మిగతాది కరెంటు కవర్లో వేసింది అక్క.

బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ కరెంటు ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డారు. ప్రభు రెండు బిల్లులూ, అక్క ఇచ్చిన ఐదొందలూ, తన డబ్బూ కలిపి లోపలికి అందించాడు. లోపలున్న కుర్రాడు బిల్లులు తిరగేసి, "ఒకటి రెండు నెలల బాకీ. ఇంకొకటి ఏడాదిగా ఒక్క రోజు కూడా ఆలస్యం లేదు. రెండూ మీ ఇళ్ళేనాండీ?" అని అడిగాడు.

"కాదండీ," అన్నాడు ప్రభు. "బాకీ ఉన్నదే నాది. రెండోది మా అక్క సొంత ఇల్లు."

క్యూలో అందరూ ఆమె వైపు చూశారు. ఏడాదిగా రూపాయి కూడా వదలని జయకుమారి, తిరిగి రావలసిన పద్నాలుగు రూపాయలు కిటికీలోనే వదిలేసి బయటికి నడిచింది.