అబ్దోన్ గీసిన గీత

లీమా ఊరి చివర దుమ్ముకొండ మీద ఇళ్లు కట్టుకున్న మాలో సెనోబియోని ఎరగనివాళ్లు లేరు. వారమంతా ఇనుప తలుపులు చేసేవాడు. ఆదివారం ఎలక్ట్రిక్ గిటారు పట్టాడంటే నడుం పట్టేసిన ముసలమ్మలు కూడా లేచి అడుగు కలపాల్సిందే. అతని పక్కన రెండో గిటారు అబ్దోన్‌ది. సెనోబియో కూతురికి జ్ఞానస్నానం చేయించిననాడు బిడ్డను చేతుల్లో పట్టుకున్నది అతనే. అప్పటినుంచి ఒకరికొకరు "బావా" అంటే "బావా". ఒకే కంచం, ఒకే మంచం అంటారే, అలాగ.

అలాంటి అబ్దోన్ గుండె ఆగి పోయాడు. మాలో ఏడాది తిరిగాక భార్య ఒంటి మీది నల్లబట్టలు అందరి ముందూ తీసేసి, రంగు బట్టలు కట్టి, ఆమెను ఆడిస్తేగాని చావు మైల వదిలినట్టు కాదు. ఆ ఆటకి మొదటి పాట తన మొగుడు కట్టిందే కావాలని అబ్దోన్ భార్య దొమితిలా పట్టు పట్టింది. వాయించాల్సింది ఇంకెవరు, సెనోబియోనే.

చిక్కల్లా పెట్టెతో వచ్చింది. గిటారు మోతను పెంచే ఆంప్లిఫయర్‌ని మేం పెట్టె అనే అంటాం. అబ్దోన్ పోయిన దగ్గర్నుంచీ దానికేదో రోగం పట్టింది. సెనోబియో తీగ మీటితే చాలు, జనం చెవులు మూసుకుంటున్నారు. ఒక పెళ్లిలో ఒకావిడ మొహం మీదే అనేసింది: "ఏం నాయనా, పాట వాయిస్తున్నావా, రేకులు కోస్తున్నావా?"

సెనోబియోకి తల కొట్టేసినట్టయింది. అతని చెవికి ఇంపుగానే ఉంది మరి! నెపం పెట్టె మీద వేశాడు.

"ఈ ముసలిదాని పని అయిపోయింది చెల్లెమ్మా. కొత్తది కొంటాను. ఆ రోజు మా బావ పాట చెడితే నేను బతికుండీ దండగే."

దొమితిలా శాలువా కప్పుకుంది. "నేనూ వస్తాను అన్నయ్యా" అంది.

పరూరో వీధిలో పెట్టెలమ్మే కొట్టాయన మంచివాడు, విసుక్కోకుండా ఒక్కో పెట్టే పెట్టి చూపించాడు. మొదటిది మీటి సెనోబియో పెదవి విరిచాడు. "దుప్పటి కప్పుకుని మూలుగుతోంది." రెండోదానికి జలుబన్నాడు. మూడోదానికి ట్రెబుల్ నాబ్‌ని, అదే సన్నటి స్వరాలను పదును చేసేదాన్ని, తిరిగినంత మేరా తిప్పాడు.

"ఇదీ! ఇదీ పెట్టె అంటే!"

పక్కకొట్టు ఆవిడ ఒళ్లో పసిదాని చెవులు రెండు చేతులతో మూసింది. కొట్టాయన దండం పెట్టాడు. "కాస్త తగ్గించండి బాబూ, చెవులు చిల్లులు పడుతున్నాయి."

"మీ చెవులేమన్నా దిబ్బడ వేశాయా అందరికీ? ఇంత చక్కటి మోత పడదా మీకు?"

అప్పుడే కత్తులకు సానపట్టేవాడు చక్రం బండి తోసుకుంటూ గుమ్మం ముందుకొచ్చాడు. దొమితిలా అటు చూపించింది.

"అన్నయ్యా, సానవాడు ఈల ఊదుతున్నాడు. వినబడుతోందా?"

సెనోబియో చూశాడు. వాడి పెదాల మధ్య ఈల ఉంది. బుగ్గలు ఉబ్బుతున్నాయి.

"వట్టి గాలి ఊదుతున్నాడు, వెధవ" అన్నాడు.

"వీధంతా మోగిపోతోంది అన్నయ్యా."

కొట్టాయన లేచి పెట్టె స్విచ్చి ఆపేసి, ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

"ఆ ఇనుము కోత నీ చెవుల్ని ఎప్పుడో తినేసింది" అంది దొమితిలా. "సన్నటివి నీకందవు. నువ్వు నాబ్ చివరిదాకా తిప్పి జనం వైపు తిరగ్గానే, మా ఆయన వెనక్కి జరిగి తగ్గించేవాడు. నువ్వు పెంచేవాడివి, ఆయన మళ్లీ తగ్గించేవాడు. చీకట్లో తడుముకున్నా తెలిసేలా నాబ్ పక్కన మేకుతో గీత కూడా గీసుకున్నాడు."

ఆ గీత సెనోబియో ఎన్నిసార్లు చూడలేదు! లారీలో ఎక్కడో గీసుకుపోయిందనుకున్నాడు. సగం పాటలో పెట్టె నీరసపడిపోతోందని తిట్టుకుంటుంటే, "ముసలిది కదా బావా, పోనీలే" అనేవాడు అబ్దోన్, అమాయకంగా.

"నాతో ఒక్క మాట అంటే వాడి సొమ్మేం పోయేది?"

"చెబితే ఆ మర్నాడే గిటారు గోడకి తగిలించేస్తావన్నాడు. నాచేత ఒట్టేయించుకున్నాడు. ఇవాళ తప్పాను."

సెనోబియోకి కోపం వచ్చింది. చచ్చినవాడి మీద కోపం! ఎవరితో దెబ్బలాడతాడు? అక్కడే, పెట్టెల మధ్య బల్ల మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. ఇద్దరూ ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఏ రోగమూ లేని పెట్టె ఇంట్లోనే ఉందాయె.

ఏడాది నిండిన నాడు కాల్చిన రాళ్ల మధ్య మట్టికింద మాంసం ఉడికింది, మొక్కజొన్న గుగ్గిళ్లు గంపలకొద్దీ పంచారు. దొమితిలా ఒంటి మీంచి నల్ల శాలువా తీసి ఎర్రది కప్పారు. సెనోబియో పాత పెట్టె దగ్గర వంగి, వేలితో గీతను తడిమి, నాబ్ సరిగ్గా అక్కడికి తిప్పి, లేచి జనం వైపు తిరిగాడు.

పాట ఎత్తుకున్నాడు. జనం ఒక్కసారి ఓహో అన్నారు. "అదీ! అబ్దోన్ ఉన్నప్పటి మోత!" ఎవరో అతని పేరు చెప్పి నేల మీద బీరు ఒంపారు. సెనోబియోకి మాత్రం డప్పు, కాళ్ల దరువు వినబడ్డాయి, తన గిటారు సగమే అందింది. అబ్దోన్ ప్రాణంపెట్టి కట్టిన పై స్వరాల దగ్గరైతే ఏమీ లేదు. వేళ్లు కదులుతున్నాయి, అంతే. పాట తప్పిపోకుండా దొమితిలా పాదాలనే చూస్తూ వాయించాడు. చెయ్యి ఒక్కసారి నాబ్ వైపు వెళ్లి, వెనక్కొచ్చేసింది.

పాట అయ్యాక దొమితిలా కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ పైన ఉన్నవి పలికాయా చెల్లెమ్మా?"

"పలికాయి అన్నయ్యా. ఆయన పక్కనున్నట్టే ఉంది. ఇకనుంచి పెట్టె దగ్గర నేను నిలబడతాలే."

"వద్దమ్మా. నువ్వు ఆడు" అన్నాడు.

మర్నాడు గిటారు గోడకెక్కింది.