హవల్దార్ నడుము మీద చుట్టాల దాడి

“గీ బొర్రతోని పోతే నన్ను నాయబ్ సుబేదార్ చెయ్యరు, చెల్లె. గీ ర్యాంకులనే ఇంటికి పంపుతరు.”

సెలవు మీద సిద్దిపేటలో దిగిన హవల్దార్ ఓంప్రకాశ్, సంచి దించకముందే చెల్లెలు నవతతో అన్న మాట ఇది. పటాలంలో వంటశాల ఆయన చేతిలోనే ఉంది. రుచి చూసి చూసి నడుము హద్దు దాటింది, చక్కెర హద్దు దగ్గర నిలబడింది. సెలవు కాగానే మళ్లీ పరీక్ష.

“కొలిచేటప్పుడు ఊపిరి బిగబడ్తే అయిపాయె గదనే!” అంది బీఎస్సీ చదివిన నవత.

“పోయినసారి బిగబట్టిన. డాక్టర్ సాబ్ జోక్ చెప్పి, నేను నవ్వంగనే టేపు గుంజిండు.”

రోజూ పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీద పరుగెత్తేవాడు. కానీ చుట్టాల నుంచి ఎక్కడికి పరుగెత్తగలడు? సెలవు మీద వచ్చిన సిపాయికి తినిపించకపోతే వాళ్లకు నిద్రపట్టదు. చాలని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీదే వడ్డిస్తారు. అందుకే నవత రెండేళ్ల కూతుర్ని వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. గరిటె దగ్గరికి రాగానే “జర పట్టుకో” అని పిల్లను వడ్డించే ఆమె చేతుల్లో పెట్టి, ఆమె దించేలోపు కంచంలో చెయ్యి కడిగేసేవాడు. దుబ్బాక దాకా ఈ ఎత్తు పారింది.

మిరుదొడ్డిలో మేనత్త చంద్రవ్వ పిల్లను సంకనేసుకుని, రెండో చేత్తో గరిటె ఎత్తింది.

“నలుగురు పిల్లలను సంకనేసుకొని వండిపెట్టిన. నాకా నేర్పుతవ్‌రా?”

కంచంలో బగారన్నం గుట్టయింది. తరువాతి ముద్ద పిల్ల నోటికి వెళ్లింది.

“పెట్టత్తా, ఇంట్ల ఏం తింటలేదు. ఎట్ల బక్కగైందో చూడు!” అంది వెంట వచ్చిన నవత.

రెండో ముద్దకు పిల్ల మొహం తిప్పుకుంది. బలవంతంగా కుక్కిన మూడోది చంద్రవ్వ కొత్త చీర మీద ఊసింది. అది చూసి ఓంప్రకాశ్ కూడా పెదాలు బిగించి, పిల్లలాగే మొహం పక్కకు తిప్పేశాడు.

“ఏందిరా, నువ్వు సుత ఊంచుతవా?”

“మళ్ల పెడ్తే ఊంచుత, అత్తా.”

చంద్రవ్వ చీర వైపు చూసుకుని, తిడుతూనే కంచం తీసేసింది.

సెలవు ముగిసిన వారానికి ఫోను వచ్చింది. నడుము హద్దులోకి వచ్చింది, వేలెడంత తేడాతో. ఆ సమయానికి నవత గిన్నె పట్టుకుని కూతురి వెంట పరుగెడుతోంది. ఆ చప్పుడు విని అన్న చెప్పిన మాటనే, గుండె పీకుతున్నా, ఇప్పుడామె పాటిస్తోంది:

“అది మొకం తిప్పితే నువ్వు చెయ్యి దించు, చెల్లె. చాలని దానికి ఎరుకే. నేనే మర్చిపోయి నడుము మీదికి తెచ్చుకున్న.”