మాణిక్యమ్మ ఆపిన తెర

లాల్‌దర్వాజా సందులో వేణుగోపాల్ సేటు ప్రెస్సు ఉంది. సీసపు అక్షరాలు ఏరి పేర్చే రోజుల్లోనే మాణిక్యమ్మ అక్కడ పనిలో చేరింది. కంప్యూటర్లు రాగానే తోటివాళ్లు మానేశారు, ఆమె మాత్రం కీబోర్డు ముందు కూర్చుంది. కొత్తది కనబడితే ఆమెకు కాలు నిలవదు. ఈమధ్య ఫోన్లో వీడియోలు చూసి మాక్రోలు రాయడం పట్టుకుంది. చేయాల్సిన పనులన్నీ వరసగా రాసిపెడితే కంప్యూటర్ తనంతట తానే చేసుకుపోతుంది.

ఆ రోజు చేతిలో ఉన్నది సంతోష్‌నగర్ చర్చి పాటల పుస్తకం. ఆమె పాడే చర్చే అది. పాత ఫాంటు ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అన్నీ పిచ్చి గుర్తులు. వాటిని అక్షరాలుగా మార్చే మాక్రో నడిపింది. మారిన ప్రతి గుర్తునూ చూపిస్తూ తెర వణికిపోతోంది. మధ్యాహ్నమైనా సగం కాలేదు.

"సాయంత్రం మిషనెక్కియ్యాలె అక్కా," అన్నాడు సేటు.

"పని కంటే చూపెట్టుడే ఎక్కువైంది దీనికి. జర ఆగు సేటూ!"

మాక్రో ఆపి, పని అయ్యేదాకా తెర మార్చొద్దని మొదట్లో ఒక వాక్యం చేర్చింది. ఇక చూపించమని చివర్లో ఇంకొకటి. మళ్లీ నడిపింది. తెర బిగుసుకుపోయింది. ఎంతకీ కదలదు.

"హ్యాంగైంది! బంద్ చేస్తున్న," అంటూ సేటు స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ముట్టకు! ఏమైందో నేను చూస్త."

మాక్రోలు రాసే ఎడిటర్‌ను మూసి తెరిచి, మాక్రోను ఒక్కో వాక్యం చొప్పున నడిపింది. మధ్యలో తెలియని గుర్తొకటి తగిలింది. మాక్రో అక్కడే ఆగిపోతోంది, తెరను వదిలే చివరి వాక్యం దాకా పోవడమే లేదు!

"దొరికింది సేటూ, దొరికింది!"

ఆ గుర్తును కూడా మాక్రోలో చేర్చింది. ఎక్కడ తట్టుకున్నా ముందు తెరను వదిలి, ఆ తర్వాతే ఆగేలా మార్చింది. కింద సన్నటి పట్టీలో పేజీ నంబరు మాత్రం కనబడనిచ్చింది. మళ్లీ బటన్ నొక్కింది.

పైన కదలిక లేదు. కింద అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.

"ఎట్ల ఉరుకుతుందో చూడు సేటూ!"

బల్ల మీద పెట్టుకున్న చాయ్ ఇంకా చల్లారలేదు. తెర ఒక్కసారి మెరిసింది. పై నుంచి కింది దాకా చక్కటి తెలుగు! మాణిక్యమ్మ చప్పట్లు కొట్టి, కనబడ్డ మొదటి పాటను గొంతెత్తి అందుకుంది. అచ్చు మిషను నడిపే మల్లన్న ఏందీ లొల్లి అనుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

సేటు కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు.

"అక్కా, అసలు ఫైలు ఇంకో కాపీ ఉన్నది కదా? మల్లొక్కసారి నడిపియ్యి. నేను సరిగ్గ చూడలే."