ముప్పై ఏడో నంబరు

తాతయ్యకు నంబర్ల పిచ్చి. ఇంట్లోవాళ్ళు ఎవరు ఈమెయిల్ రాసినా నెత్తిమీద నంబరు ఉండి తీరాలి. వాడిన నంబరు మళ్ళీ వాడకూడదు, మధ్యలో ఒక్కటీ వదలకూడదు. వచ్చినదాన్ని అట్టపుస్తకంలో ఎక్కించాకే చదివేవాడు. ముప్పై నాలుగేళ్ళు ఆఫీసులో ఉత్తరాలకు నంబర్లు వేసిన చెయ్యి, రిటైరైతే మాత్రం ఊరుకుంటుందా?

ఒకసారి అత్తయ్య "ఆడపిల్ల పుట్టింది" అని రాసింది. జవాబు వెళ్ళింది: "నంబరు లేదు. అందనట్టే భావించవలెను."

అత్తయ్య ఆసుపత్రి నుంచే ఫోన్ చేసింది. "పిల్ల పుట్టిందంటే నంబరేంటి నాన్నా!"

"సంతోషం తల్లీ. నంబరు వేసి మళ్ళీ పంపు."

"పిల్లనా?"

"ఉత్తరాన్ని!"

ఈ చాదస్తానికి మనవరాలు పడీపడీ నవ్వేది. వాళ్ళ నాన్న మెయిల్ దగ్గర మాత్రం నవ్వేది కాదు. ఆయన సరుకుల ఓడలో ఇంజను మనిషి. బడి నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా కంప్యూటరు ముందు కూలబడేది.

"వచ్చిందా తాతయ్యా?"

"మీ నాన్న ఇంకా ముప్పై ఆరు దగ్గరే ఉన్నాడు."

అలా పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు పిల్ల అడగడం మానేసింది. "నాన్న నన్ను మర్చిపోయాడు" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట తాతయ్యకు ముద్ద దిగలేదు.

మర్నాడు మెయిల్ వచ్చింది. ముప్పై ఎనిమిది!

"చూశావా గడుగ్గాయీ! ముప్పై ఎనిమిది వచ్చిందంటే ముప్పై ఏడు రాసినట్టేగా? దారిలో ఎక్కడో చిక్కుకుంది."

పిల్ల ఎగిరి గంతేసింది. పుస్తకంలో ఆ వరస ఖాళీగా ఉంచమంది. అప్పట్నుంచి ధ్యాసంతా దానిమీదే. వచ్చినవన్నీ గబగబా చదివేసి, రానిదాని గురించి కలలు కనేది. అందులో తిమింగలం ఉంటుంది, తుఫాను ఉంటుంది, తనకు మాత్రమే చెప్పిన రహస్యం ఉంటుంది. ప్రతి జవాబులోనూ "ముప్పై ఏడు మళ్ళీ పంపు" అని రాసేది. నాన్న ఎండల గురించి రాసేవాడు.

ఆరు నెలలకు నాన్న ఇల్లు చేరాడు. భుజం మీద సంచీ దించకముందే చెయ్యి చాచింది.

"ముప్పై ఏడేది?"

నాన్న తాతయ్య వైపు తిరిగాడు. "నాన్నా, నువ్వే చెప్పు."

తాతయ్య పైకి చూశాడు. "ఈ ఫ్యానేంటో కిర్రుమంటోంది."

చివరికి నాన్నే ఒప్పుకున్నాడు. "ఇంజను చెడిపోయి ఊపిరి సలపలేదమ్మా, రాయలేదు. తాతయ్యే మెయిల్ పెట్టాడు. 'ఒక నంబరు వదిలేసి రాయరా. ఉత్తరం పోయిందంటే పిల్ల ఎదురుచూస్తుంది, నువ్వు మర్చిపోయావంటే తట్టుకోలేదు' అని."

"తాతయ్యా! నువ్వా నంబరు దాటించింది?"

"మొత్తం సర్వీసులో అదొక్కటే" అని తలొంచుకున్నాడు తాతయ్య.

"మరి నువ్వు పెట్టిన మెయిల్‌కి నంబరుందా?"

"లేదు. పుస్తకంలో ఎక్కిస్తే నువ్వు చూస్తావుగా."

పిల్ల నడుంమీద చేతులు పెట్టుకుని ఇద్దర్నీ చూసింది. "నంబరు లేదా? అయితే అందనట్టే భావించవలెను."

తరవాత నాన్నను చెయ్యి పట్టి లాక్కెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. "ఇప్పుడు రాయి. తిమింగలం ఉండాలి."

నాన్న సంచీతోనే కూర్చుని రాశాడు. తాతయ్య అట్టపుస్తకం తెరిచి, ఖాళీ వరసలో తేదీ వేసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "ముప్పై ఏడు. మనిషితో సహా అందినది."