మాస్టారి సీసం గూడు

మా ఫిజిక్స్ మాస్టారు పోయారు. సాలూరు బస్సులో ఉండగా ఫోనొచ్చింది. ఏడుపు కంటే ముందు నాకొక ప్రశ్న వచ్చింది. ఆ వెనక గదిలో యంత్రం ఇంకా మోగుతోందా? ఆయన దగ్గర చదువుకున్నవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరు.

మాస్టారిది కళింగపట్నం వైపు చేపలు పట్టే కుటుంబం. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో లోతైన గని అడుగున, ఇంతవరకూ ఎవరికీ చిక్కని కణం కోసం జరిగే ప్రయోగంలో పనిచేసి, తర్వాత విజయనగరంలో లెక్చరరుగా స్థిరపడ్డారు. ఇంటి వెనక గదిలో రేడియేషన్ని పసిగట్టే చిన్న గొట్టం పెట్టుకున్నారు. కిరణం తగిలినప్పుడల్లా అది టిక్కుమనేది. మనవైపు కొత్తమనిషి కనబడితే అడిగినట్టే, ఆయన ప్రతి టిక్కునీ అడిగేవారు, "ఏ ఊరు బాబూ నీది?" అని.

గోడదా? మట్టిదా? ఆకాశం నుంచి దిగిందా?

"ఊరు తెలిసినోళ్లందర్నీ గుమ్మం బయటే ఆపీయాలర్రా. అప్పుడు లోపలికొచ్చినోడు ఊరు తెలీనోడు. గనిలో కూకుని ఆడికోసమే సూసీవోళ్లం" అనేవారు. ఈరోజు సాలూరులో నేను ఫిజిక్స్ చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ గది పుణ్యమే.

ఆపాలంటే బరువైనదేదో అడ్డం పెట్టాలి కదా. ఒకసారి మమ్మల్ని వెంటేసుకుని, సొంతూరి సముద్రపొడ్డు నుంచి నల్లటి ఇసక బస్తాలు తెచ్చి గొట్టం చుట్టూ పేర్చారు. టిక్కులు తగ్గలేదు సరికదా, పోపులో ఆవాల్లా చిటపటలాడాయి. మన ఒడ్డు ఇసకలో రేడియేషన్ విడిచే థోరియం ఉంటుందని మాకు పాఠం చెప్పింది ఆయనే! బస్తా మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "మనూరి ఇసక కదా అని నమ్మీసేను. నాకంటే ఇదే ఎక్కువ వాగుతన్నాది."

ఇక సీసమే కావాలి, అదీ పాతది. కొత్త సీసం తనే కాస్త రేడియేషన్ విడుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ సద్దుమణుగుతుంది. వాళ్ల నాన్నగారి వలకి తాతలనాటి సీసం గుండ్లుండేవి. ఆయన పోయాక ఆ వల అన్నగారింట్లో దూలానికి వేలాడేది. మాస్టారు బతిమాలి గుండ్లు తెచ్చి, కరిగించి, ఇటుకలు పోసి గొట్టానికి గూడు కట్టారు. టిక్కులు బాగా పలచబడ్డాయి. ఆకాశం నుంచి వచ్చేవి మాత్రం సీసాన్ని కూడా లెక్కచెయ్యవు. వాటి బాధ పడలేకే గనుల్లో దూరేది.

"సదువుకున్నోడివని ఇస్తే నాన్న గుండ్లు కరిగించీసేవా?" అని అన్నగారు ఆనాటి నుంచి మాట్లాడటం మానేశారు. మాస్టారికి అదొక్కటే దిగులు. "అన్నయ్య ఒక్కపాలి వచ్చి వింటే బాగుణ్ణు" అనేవారు. ఆయన రాలేదు.

పదకొండో రోజున వచ్చారు. తిన్నగా వెనక గదిలోకి నడిచి, "నా గుండ్లు నాకిచ్చీయండి" అన్నారు. మాస్టారి భార్య నావైపు చూశారు. ఆ గూడు విప్పేస్తే మాస్టారు మళ్లీ పోయినట్టే నాకు. కానీ కాదనడానికి నేనెవర్ని?

"తీసుకెళ్దురుగాని పెద్దయ్యా, ఒక్కసారి వినండి" అని స్విచ్ వేశాను.

చప్పుడు లేదు. "ఏటి, పని సెయ్యట్లేదా?" అన్నారు.

"చేస్తోందండి. మీ నాన్నగారి సీసం బయటివాళ్లని రానివ్వట్లేదు."

ఆయన ఇటుక మీద అరచెయ్యి వేసి అలాగే ఉంచారు. కాసేపటికి టిక్కుమంది. ఉలిక్కిపడ్డారు.

"ఎవుడాడు? ఏ ఊరోడు?"

తమ్ముడి మాట అది. ఆయన ఎన్నడూ వినలేదు. మాస్టారి భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ ఏడుపు ఆగలేదు.

"తెలీదండి" అన్నాను.

ఆయన మాస్టారి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"ఏడవకమ్మా, ఇనపడదు. ఇంకోడొస్తాడేమో సూద్దాం."