ఇద్దరెత్తే పెట్టె

మా బావ, అంటే మా అక్క మొగుడు, ఉత్త చాదస్తపు మనిషి. ఆఫీసుల్లో నెట్‌వర్క్ ర్యాకులు బిగించడం ఆయన పని. ర్యాకంటే నిలువెత్తు ఇనుప చట్రం. కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టెలు అందులో అరలు అరలుగా కూర్చుంటాయి. ముందు చట్రాన్ని నేలకు బోల్టులతో బిగించాలి, ఆ తర్వాత బరువైనవి కింద, తేలికైనవి పైన పెట్టాలి. ఈ నియమాన్ని ఆయన ఇంటిదాకా మోసుకొచ్చాడు. బీరువాలో దుప్పట్లు కింది అరకు దిగాయి, చీరలు పై అరకెక్కాయి. చీర కావాలంటే అక్క స్టూలెక్కాలి. గ్యాస్ బండ జరపాలన్నా బావ పక్కింటాయన తలుపు కొడతాడు. పాపం ఆయన, బావ గొంతు వినగానే స్నానాల గదిలో దూరతాడు.

పెళ్లైన కొత్తలో ఓసారి ఒక్కడే పెట్టె ఎత్తబోయి నడుము పట్టేసి మూణ్ణెల్లు మంచాన పడ్డాడు. సాక్సులు కూడా అక్కే తొడిగింది. అప్పట్నుంచి ఇద్దరు లేనిదే బరువు ముట్టడు. తోటివాళ్లు ‘ఇద్దరయ్య’ అని పేరు పెడితే మురిసిపోయాడు. చాదస్తానికి గర్వం కూడా తోడైతే ఇంకేం చేస్తాం?

నేను రిసెప్షన్‌లో కూర్చునే ఆఫీసులోనే ఆయనకు ఉద్యోగం ఇప్పించాను. కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే. మా మేనేజరు పొదుపు పేరుతో బావకు తోడుండే మనిషిని మాన్పించి, ఈ పనికి ఒక్కడు చాలని కంపెనీ పెద్దాయనకు రాసిచ్చాడు. ఓ ఆదివారం ఆ పెద్దాయన పదకొండింటికి కొత్త అంతస్తు చూడ్డానికి వస్తున్నాడు. పది గంటలకు చూద్దును కదా, బావ ర్యాకు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చట్రం బిగించాడు, కరెంటు ఆపించాడు. అన్నిటికంటే ముఖ్యమైన పెట్టె మాత్రం ఇంకా నేలమీదే ఉంది.

మేనేజరు వచ్చి, ఎందుకెత్తలేదని అడిగాడు. నలభై కిలోల బరువు, రెండో మనిషి కావాలన్నాడు బావ. పెట్టె వచ్చిన అట్టడబ్బా మీది బొమ్మ చూపించాడు. ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని ఎత్తుతున్న బొమ్మ అది. బొమ్మలకేం, ఎంతమందినైనా గీస్తారని మేనేజరు కొట్టిపారేశాడు.

“బొమ్మకే ఇద్దరు కావాల్సొచ్చారు సార్. నేను మనిషిని,” అన్నాడు బావ.

పదకొండింటికల్లా పెట్టె ఎక్కకపోతే రేపట్నుంచి రావక్కర్లేదన్నాడు మేనేజరు. అక్క ఇల్లు ఆ ఒక్క జీతం మీదే నడుస్తోంది. నేనో చెయ్యి వేస్తానని ముందుకొచ్చాను. హెర్నియా ఆపరేషనై నెల కాలేదు, కుట్లు ఊడదీసుకుంటావా అని బావ కసిరి కూర్చోబెట్టాడు. వాచ్‌మన్‌కు అరవై ఏడేళ్లు. మిగతా సిబ్బంది సోమవారం గానీ రారు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు. నాకైతే బావ పీక పిసకాలనిపించింది.

పదిన్నర దాటాక మేనేజరు కోటు విప్పాడు. ఎలా ఎత్తాలో తానే చూపిస్తానని వంగి, పెట్టె ముందున్న పిడి పట్టుకున్నాడు. బావ ఒక్క ఉదుటున లేచి ఆయన చెయ్యి పట్టేశాడు.

“అది లోపలి ఫ్యాన్ల పిడి సార్. దాంతో ఎత్తితే పిడి మీ చేతికొస్తుంది, పెట్టె మీ కాలిమీదికొస్తుంది.”

మేనేజరు తన కాలి వంక చూసుకున్నాడు. ఇప్పుడు ఇద్దరమయ్యాం కదా అన్నాడు బావ, ఎంతో సంతోషంగా. వాచీ, ఉంగరం, టై తీయించాడు. నడుము కాదు, మోకాళ్లు వంచమన్నాడు. మా మేనేజరు ఒకరు చెప్పింది వినడం నేను చూడటం అదే మొదలు.

పెట్టెను ఎత్తి, అడుగున ఒక్కొక్కటిగా పేర్చిన బ్యాటరీల పై అరలోకి తోశారు. ఆ అరకు అడుగు పలక ఉండదు, నాలుగు స్క్రూలూ పడేదాకా ఒకరు అడుగున చేతులు పెట్టి మోయాలి. ఆ ఒకరు మేనేజరు, అదీ గొంతుక్కూర్చుని. రెండు స్క్రూలు పడ్డాయి. మూడోది మొరాయించింది. బావ దాన్ని బయటికి తీసి, ఊది, మళ్లీ మొదట్నుంచి తిప్పడం మొదలెట్టాడు. మేనేజరు జేబులో ఫోను మోగి మోగి ఆగింది.

పది నిమిషాలు ముందే వచ్చేశాడు పెద్దాయన. చెమటకు తడిసిన వీపు చూసి ఎవరో కొత్త పనివాడనుకుని, ఎంతవరకు వచ్చిందయ్యా అని అడిగాడు. పక్కకు వచ్చి మొహం చూసి గుర్తుపట్టాడు.

“ఈ పనికి ఒక్కడు చాలని రాసింది నువ్వే కదయ్యా?”

అబద్ధమాడాలన్నా ఊపిరి కావాలి. మేనేజరు దగ్గర అది మిగల్లేదు.

“తప్పు రాశానండీ. చేతులు జారిపోతున్నాయి, కాస్త ఈ మూల పట్టుకోండి.”

పెద్దాయన వాచీ విప్పి నా చేతిలో పెట్టి, పక్కన చతికిలబడి పట్టుకున్నాడు. బావ మాత్రం తల కూడా తిప్పలేదు. మూడో స్క్రూ పడింది, నాలుగోదీ పడింది. అక్క ఇల్లు నిలబడింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

పెద్దాయన అరచేతులు రుద్దుకుంటూ, మాన్పించిన మనిషికి ఇప్పుడే ఫోను చేసి రమ్మనమన్నాడు. మేనేజరు ఫోను తీశాడు గానీ వేళ్లు కొయ్యబారి నంబరు నొక్కలేకపోయాడు. నేనే నొక్కి ఆయన చెవి దగ్గర పెట్టాను.