పరుపులన్నకు మూడు పిడికిళ్ళ మట్టి

మా పక్కింటి పరుపులన్న పోయాడని ఆయన కొడుకు వచ్చి చెప్పేసరికి నేను చొక్కా గుండీతో కుస్తీ పడుతున్నాను. నాలుగేళ్ళుగా ఊరుకున్న కీళ్ళవాతం మళ్ళీ తిరిగొచ్చి నా వేళ్ళలో కాపురం పెట్టింది. "చిన్నాయనా, నాయన పోయినాడు. మధ్యాన్నం నమాజైనాక మట్టి," అన్నాడు ఆ పిల్లవాడు. యాభై దాటినా నాకు పిల్లవాడే. అంత దుఃఖంలోనూ నా అవస్థ చూసి, దగ్గరికొచ్చి గుండీలన్నీ తనే పెట్టిపోయాడు.

వాళ్ళలో, వచ్చినవాళ్ళంతా సమాధిలో మూడేసి పిడికిళ్ళ మట్టి వేస్తారు. ముదిగుబ్బలో మా వీధివాళ్ళం మేమూ వేస్తాం, మా పాడెలకు వాళ్ళు భుజం పట్టినట్టే. నాకు వచ్చిన చిక్కల్లా పిడికిలితోనే. అది మూసుకోవడం మానేసింది. నీళ్ళ చెంబు కూడా రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగుతున్నాను. ఆయనకు మట్టి వేయకుండా ఇంటికెలా తిరిగిరావాలన్నదే ఆ పూట నా దిగులు.

ఆయన దూదేకుల మనిషి. బతుకంతా పరుపులు కుట్టాడు. స్పాంజి పరుపులొచ్చి సగం బేరాలు ఎత్తుకుపోయినా వాటిని శత్రువులుగా చూడలేదు, ఇడ్లీలుగా చూశాడు. మనిషిని ఇడ్లీ మీద పండుకోబెడితే నడుము ఏమైతాదో కొన్నోళ్ళే తెలుసుకుంటారనేవాడు.

వాతంలో ఆయన నాకంటే పదేళ్ళు సీనియర్. నాకది మొదటిసారి వచ్చినప్పుడు, పొద్దున్నే వేళ్ళు కట్టెలై, అరుగు మీద కూర్చుని లోకాన్నంతా తిడుతుంటే గోడ అవతలి నుంచి పిలిచాడు. వాళ్ళింటి ముందు ఏకిన దూది కుప్పగా ఎండలో ఉంది. అందులో చేతులు పెట్టమన్నాడు. మోచేతుల దాకా దూర్చాను. ఎండకు కాగిన దూది ఎలా ఉంటుందో మీలో ఎందరికి తెలుసో గానీ, అప్పుడే గూట్లోంచి తీసిన కోడిపిల్లను పట్టుకున్నట్టుంటుంది. ఆయనా ఎదురుగా కూర్చుని తన చేతులు దూర్చాడు. ఇది వైద్యం కాదని ముందే చెప్పాడు. వైద్యం అనంతపురం డాక్టరు దగ్గరుందట, మాత్ర మానేస్తే మాత్రం తనే నా కాళ్ళు విరగ్గొడతాడట. ఇది ఊరికే, మాత్ర పనిచేసేదాకా కూర్చోవడానికి.

గొర్రెలు తోలుకుపోయే ఒకాయన ఆగి, "ఏమప్పా, దూదిలో ఏం పోగొట్టుకున్యారు ఇద్దరూ?" అని అడిగాడు. అన్న తలెత్తకుండానే, వేళ్ళు పోయినాయని, ఎక్కువ దొరికితే నీకూ రెండు ఇస్తామని చెప్పి పంపాడు.

అలాగని ఆయన చెప్పినవన్నీ నిజాలని నేననను. వంకాయే వాతానికి కన్నతల్లి అనేవాడు. సంతలో వంకాయల గంప కనబడితే ఆ వరసలో నడిచేవాడే కాదు. వాళ్ళావిడ, మా వదిన, గుత్తివంకాయ చేసిన రోజు మాత్రం, ఇది నూనెలో ఉడికి చచ్చిపోయింటాదిలే అని రెండోసారి వడ్డించుకునేవాడు. వంకాయకూ వాతానికీ సంబంధం లేదని డాక్టరు చెబితే పాపం డాక్టరు మీద జాలిపడ్డాడు.

పని మాత్రం మానలేదు. వేళ్ళు వాచిన రోజుల్లో అరచేతికి తోలుముక్క కట్టుకుని దాంతో దబ్బనాన్ని నెట్టేవాడు. అదీ చేతకాని రోజున దూదిలో చెత్త ఏరేవాడు.

తగ్గిందనుకున్న వాతం తిరిగి రావడముంది చూశారూ, అది వేరే సంగతి. మొదటిసారి నొప్పి నొప్పే. రెండోసారికి అందులో కాస్త అవమానం కూడా కలుస్తుంది, పోయిందని ఊరంతా చెప్పుకుని ఉంటాం గనక. అలా తిరిగొచ్చినప్పుడు నేనిక మంచం దిగేది లేదని భీష్మించాను. ఆయన వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మబ్బుల గురించి, వేరుశనగ బుడ్డల విత్తనం గురించి మాట్లాడి మాట్లాడి, చివరికి అన్నాడు:

"కరువొచ్చిన ఏడు ఏం చేస్తామప్పా? చేనంతా బీడు పెడ్తామా? వానకు నేల తడిసి పదునైన కాడికి విత్తుకుంటాం. ఈ పొద్దు నీకు యాడిదాకా పదునుంటే ఆడిదాకా మనిషిగా ఉండు. చాలు."

ఆ రోజు నాకు పదునున్నది మంచం నుంచి అరుగు దాకానే. అంతవరకు నడిచాను. అన్న పక్కనే నడిచాడు గానీ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే ఇద్దరం పడేవాళ్ళం.

ఈసారి తిరిగొచ్చేసరికి ఆయన గుండెజబ్బుతో మంచంలో ఉన్నాడు. వెళ్ళి నా చేతులు చూపించాను. చాలాసేపు చూసి, "వచ్చిందా?" అన్నాడు, దూరపు చుట్టాన్ని పలకరించినట్టు. మాత్ర మొదలుపెట్టానా అని అడిగాడు. పెట్టానన్నాను. సరేనని కళ్ళు మూసుకున్నాడు. మా ఇద్దరికీ అదే ఆఖరి మాట.

శ్మశానానికి ఆటోలో వెళ్ళాను. నా వంతు వచ్చింది. వంగి కుప్పలోంచి ఎర్రమట్టి పట్టబోతే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. మళ్ళీ పట్టాను, మళ్ళీ జారింది. నా బదులు తను వేస్తానని కాబోలు, కొడుకు ముందుకొచ్చాడు. వద్దని తల ఊపాను. అక్కడే కూలబడి, రెండు మణికట్లూ దగ్గరికి చేర్చి మట్టిని నెమ్మదిగా తోశాను. కొంచెం లోపల పడింది. వెనక వరుసలో ఎవరో కదిలినట్టున్నారు. కొడుకు అటు తిరిగి అన్నాడు: "ఉండండప్పా. చిన్నాయన ఏస్తాండాడు."

మూడుసార్లూ తోశాను. చాలాసేపు పట్టింది. తలెత్తి చూస్తే వరుసంతా ఎండలో అలాగే నిలబడి ఉంది. ఎవరి మట్టి వాళ్ళు పిడికిట్లో పట్టుకునే ఉన్నారు. ఒక్కో పిడికిలి కింద నుంచి ఎర్రటి ధార సన్నగా, చప్పుడు లేకుండా, వాళ్ళ చెప్పుల మీదికి రాలుతోంది.